మెల్లకన్ను అదృష్టం గాదు, గడువున్న జబ్బు

మన దిక్కు పిల్లగానికి మెల్లకన్నుంటే 'అదృష్టం, ఇంటికి కలిసొస్తది' అంటరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యాడికి వోయినా గిదే మాట. ఈ మాట నమ్మి ఊకుంటే ఆ పిల్లగానికి ఒక కన్ను చూపు జిందగీ అంత తక్కువైతది.

ఎట్లంటే, సూసుడు కన్ను ఒక్కదాని పని గాదు. కన్ను బొమ్మను అందుకుంటది, అర్థం జేస్కునేది మెదడు. రెండు కండ్ల బొమ్మలను ఒక్కటి జేసుడు, ఏది దగ్గర ఏది దూరం అని అంచనా కట్టుడు మూడు నాలుగు నెలల వయసు నుంచి మెదడు నేర్సుకుంటది. ఒక కన్ను పక్కకు తిరిగినా, ఒకదానికి నంబరు మస్తు ఎక్కువున్నా, మెదడు ఆ కన్నును పట్టించుకునుడు బంద్ వెడ్తది. దీన్నే సోమరి కన్ను అంటరు.

1960లల్ల అమెరికాల హ్యూబెల్, వీజెల్ అనే ఇద్దరు పిల్లికూనల మీద దీన్ని రుజువు జేసిన్రు. పసి కూనకు ఒక కన్ను కొన్ని వారాలు మూసి తర్వాత తెరిస్తే, కన్ను మంచిగనే ఉన్నది గని మెదడుల ఆ కంటికి జవాబిచ్చే కణాలు దాదాపు లేకుంట అయినయి. పెద్ద పిల్లికి మూస్తే ఏం గాలే. అంటే నేర్సుకునేటందుకు ఒక వయసున్నది. 1981ల వీళ్లకు నోబెల్ వచ్చింది.

మరి మన సర్కార్లు ఏం జేస్తున్నయి? 2018ల మల్కాపూర్‌ల, 2023ల ఖమ్మంల కంటి వెలుగు మొదలువెట్టిన్రు. పెద్దమనుషులకు అద్దాలొచ్చినయి, మంచిదే. గని ముసలవ్వకు శుక్లం వచ్చే ఏడు తీసినా చూపొస్తది. నాలుగేండ్ల పోరనికి ఆ సౌలత్ లేదు. ఏడెనిమిదేండ్ల లోపు వైద్యం మొదలైతే ఫాయిదా ఎక్కువ, ఆ తర్వాత తగ్గుకుంట వోతది. 2013 నుంచి నడుస్తున్న బాల స్వాస్థ్య కార్యక్రమం లెక్కన డాక్టర్ల టీము అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలె. వస్తున్నరా, వచ్చినోళ్లు ఒక్కో కన్ను మూసి విడివిడిగ సూస్తున్నరా? మనం అడగాల్సింది గీ ముచ్చటనే. మంచి కన్ను పనంత నెట్టుకొస్తుంటే రెండు కండ్లతోని సూపిస్తే ఏం తెల్వది.

వైద్యం పెద్ద ఖర్చుది గాదు. ముందు అద్దాలు, ఆ తర్వాత మంచి కంటికి రోజుకు కొన్ని గంటలు పట్టీ. మరీ ఎక్కువ లేకుంటే రోజుకు రెండు గంటలు సాలని 2003ల అమెరికా పరిశోధన తేల్సింది. కష్టమంత పట్టీ ఊడవీకకుండ సూసుడే. నాయిన గల్ఫ్‌ల, అమ్మ బీడీల చాట ముందట, సిరిసిల్లల అయితే రాత్రంత సాంచెల మీద. ఆ రెండు గంటలు ఎవలు సూడాలె? గందుకే అంగన్‌వాడీ టీచర్లకు, ఆశాలకు ఈ పని నేర్పియ్యాలె, దానికి తగ్గ పైసలియ్యాలె.

తమ్మీ, చెల్లె, ఇయ్యాల ఇంట్ల ఒక పని జెయ్యున్రి. పిల్లలు ఆడుకుంటుంటే ఒక్కో కన్ను చేత్తోని మూసి సూడున్రి. ఒక దిక్కు మూస్తే ఊకుండి, ఇంకో దిక్కు మూస్తే ఏడ్సి చెయ్యి నూకేస్తే అనుమానపడాలె. నాలుగు నెలలు దాటినంక కూడ కన్ను వంకర వోతున్నా, నల్లగుడ్డు నడుమ తెల్లగ కనిపించినా జాగు జెయ్యకుంట కండ్ల డాక్టర్‌కు సూపెట్టున్రి. తెలుపు కనవడితే ఇంక తొందరగ వోవాలె.