ఆయన మడమ, నా భుజం

పోయిన ఏడాది మా వంటింటి క్యాలెండర్ మీద పండగల కంటే పందేలే ఎక్కువ కనిపించాయి. జనవరిలో ముంబై మారథాన్, ఎండలు ముదిరే వేళకి బెంగళూరులో పది కిలోమీటర్ల పరుగు, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్, ఏడాది చివర్లో గోవా. మా ఆయన వాటన్నిటికీ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నాలు చుట్టారు. పాల లెక్క రాసుకోవడానికి నాకు చోటు మిగల్లేదు.

ఆయనకి 51 ఏళ్లు. ఇల్లు హిందూపురంలో, ఉద్యోగం పెనుకొండ దగ్గర. నలభై అయిదు దాటాక షుగర్ అంచున ఉందని డాక్టరు చెబితే నడక మొదలుపెట్టారు. నడక పరుగైంది, పరుగుకి సైకిలు తోడైంది. ఈత చిన్నప్పుడే తోటబావిలో నేర్చుకున్నారు. ఈ మూడూ కలిపితే ట్రయథ్లాన్ అంటారని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో అలారం నాలుగింటికే మోగుతోంది. లేపాక్షి మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా సైకిలు, ఆదివారం పెనుకొండ కోట కొండ ఎక్కి దిగడం, సెలవు దొరికితే బంధువుల బావిలో ఈత.

గోవాలో జరిగేది సగం ఐరన్‌మ్యాన్. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకి వచ్చి 90 కిలోమీటర్ల సైకిలు, అది దిగి 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3. అక్కడ 2019లో మొదలైంది. పూర్తి ఐరన్‌మ్యాన్ దీనికి రెట్టింపు. 1978లో హవాయిలో మొట్టమొదట జరిగినప్పుడు 15 మంది బయల్దేరి 12 మంది పూర్తి చేశారు. అందరూ మగవాళ్లే. మరుసటి ఏడాదే ఒకావిడ వచ్చి పూర్తి చేసి వెళ్లింది.

"ఈ వయసులో ఇవన్నీ అవసరమా?" అని మొదట్లో నేనూ అడిగినదాన్నే. చుట్టాలైతే నన్నే తప్పు పట్టారు, మగాణ్ణి అదుపులో పెట్టుకోలేదని. నా చేత ఆ ప్రశ్న మాన్పించింది మా ఆయన కాదు, గోలి శ్యామల గారు. సామర్లకోట ఆడపడుచు, హైదరాబాదులో ఉంటారు. నీళ్లంటే భయపడే మనిషి, నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక ఒడ్డు నుంచి ధనుష్కోడి వైపు పాక్ జలసంధిని, దాదాపు 30 కిలోమీటర్లు, పదమూడు గంటలకి పైగా ఈదారు. అక్కడితో ఆగలేదు. 52 ఏళ్ల వయసులో, 2024 డిసెంబరు చివర్లో విశాఖలో సముద్రంలో దిగి, రోజుకింత చొప్పున 150 కిలోమీటర్లు ఈది, జనవరి మొదటి వారంలో కాకినాడలో ఒడ్డెక్కారు. పేపర్లో ఆ ఫొటో చూశాక, వయసు సంగతి ఎత్తి ఎవరినైనా ఆపే హక్కు నాకు లేదనిపించింది.

కానీ ఆయన సీజన్ అంటే నాకూ సీజనే. నాలుగున్నరకి రాగిజావ, ఎనిమిదికి మళ్లీ టిఫిను, రోజుకి రెండు జతల చెమట బట్టలు. దాని గురించి గొడవ లేదు. చూస్తుండగానే మనిషి తేలికయ్యారు, షుగర్ తగ్గింది, కోపం కూడా తగ్గింది. ఇంటికి అంత మేలు జరిగితే రాగిజావ కలపడం ఏం కష్టం?

గొడవంతా మడమ దగ్గర వచ్చింది.

జూలైలో ఒక ఆదివారం పెనుకొండ కొండ పైదాకా వెళ్లి, దిగేటప్పుడు కూడా పరుగే తీశారట. మర్నాడు పొద్దున మంచం దిగి రెండడుగులు గోడ పట్టుకుని నడిచారు. నేను చూశాను. "ఏమైందండీ?" అంటే "తిమ్మిరి" అన్నారు. మూడు వారాలు తిమ్మిరే. స్నానాల గదిలో నొప్పి స్ప్రే వాసన, చెత్తబుట్టలో మాత్రల ఖాళీ అట్టలు. అడిగితే విసుగు. ఆగస్టులో హైదరాబాదు వెళ్లి హాఫ్ మారథాన్ పరుగెత్తి మెడల్ తెచ్చుకున్నారు. హిందూపురం స్టేషన్లో రైలు దిగేటప్పుడు మాత్రం మా పాప భుజం మీద చెయ్యి వేసి దిగారు. పాప డిగ్రీ చదువుతోంది. నాన్నని అలా చూడ్డం దానికి అదే మొదటిసారి.

ఆ రాత్రి నేను అనకూడని మాటలన్నీ అన్నాను. ముప్పై మార్లు చెప్పాను గదా, విన్నారా, ఇప్పుడు ఎవరు చెయ్యాలి చాకిరీ. ఆయన మాట్లాడలేదు. రెండు రోజులు ఇంట్లో టీవీ తప్ప ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరిదీ తప్పే. దెబ్బ దాచిపెట్టడం ధైర్యం అనుకున్నారు ఆయన. మందుతో నొప్పిని కప్పేస్తే పందెం జరిగిపోతుంది గానీ దెబ్బ లోపల పెరుగుతుంది. ఇంట్లోవాళ్ల చేత నాలుగింటికి రాగిజావ కాయించుకున్న మనిషి, కాలు నొప్పి సంగతి మాత్రం తన సొంత విషయం అనుకోవడం అన్యాయం. ఇక నా తప్పు. "అప్పుడే చెప్పాను గదా" అనే మాట ఏ నొప్పికీ మందు కాదు. పైగా మరోసారి నొప్పి వస్తే ఇంకా జాగ్రత్తగా దాచుకోవడం నేర్పుతుంది.

బెంగళూరులో ఫిజియోథెరపిస్టు చూసి, అకిలిస్ టెండన్ దెబ్బతిందన్నారు. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడు లాంటిది అది, మనం వాడుకలో నరం అనేస్తాం. దానికి రక్తప్రసారం తక్కువ, అందుకే మెల్లగా మానుతుంది. నెలలు పడుతుంది. గోవా వద్దన్నారు. కట్టిన డబ్బుల మీద ఆశ వదులుకున్నాం.

ఆయన ముఖం చూసి కాబోలు, ఆ ఫిజియో అమ్మాయి ఒక కథ చెప్పింది. స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టరు. ఆయనకీ పరుగు పిచ్చే, ఆయనకీ ఇదే నొప్పి. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. నరం పూర్తిగా తెగిపోతే చేయక తప్పదు గదా అని, తెంపుకోవాలనే ఉద్దేశంతో మడమ మీద రోజూ బరువు మోపుతూ వ్యాయామం చేశాడు. తెగలేదు సరికదా, కొన్నాళ్లకి నొప్పే పోయింది. తర్వాత సరదాకి పరుగెత్తే 15 మంది నడివయసు వాళ్ల చేత అదే పని 12 వారాలు చేయించాడు. పదిహేను మందీ మళ్లీ పరుగులోకి వచ్చారని 1998లో ప్రచురించాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమని మెల్లగా కిందికి దించడం. మోకాలు చాచి మూడు పదిహేనులు, వంచి మూడు పదిహేనులు, పొద్దునా సాయంత్రం. రోజుకి 180 సార్లు.

నాకు ఆ కథలో నచ్చింది ఒకటే. మంచం మీద పడుకుంటే మానలేదు, మొండిగా పరుగెత్తితే మానలేదు. కొలిచి, లెక్కపెట్టి, రోజూ కొంచెం బరువు మోపితే మానింది. సంసారంలో చాలా దెబ్బలకి కూడా ఇదే వైద్యమేమో.

మా మేడమెట్ల దగ్గర గోడకి చార్టు అంటించారు. ఇల్లంతా దాని చుట్టూ తిరిగింది. మెట్ల మీద ఎవరూ చెప్పులు పెట్టకూడదు. బరువు పెంచమన్నప్పుడు వీపుసంచిలో అయిదు కిలోల సోనా మసూరి పెట్టి ఇచ్చాను. బజారు పని పాప చూసుకుంది. గ్యాస్ సిలిండరు మార్చడం నా మీద పడింది. సాయంత్రాలు ఆయన ఫోన్లో స్నేహితులు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో చూసుకుంటూ దిగులుగా కూర్చునేవారు. పాప చొరవ చేసి ఆ యాప్ తీసేసింది. బావిలో ఈత మాత్రం ఫిజియో ఒప్పుకుంది, అదే ఆయన్ని కాపాడింది.

ఆరో వారంలో అనుకుంటా, ఒక పొద్దున పై అరలో కందిపప్పు డబ్బా అందుకోవడానికి నేను ఎడమ చేత్తో స్టూలు లాక్కుంటున్నాను. పాప చూసి, "అమ్మా, కుడిచెయ్యి ఎత్తవేం?" అంది.

ఎత్తలేను. అప్పటికి ఎనిమిది నెలలైంది. మొదట రాత్రిపూట నొప్పి, తర్వాత భుజం పట్టేసింది. జడ వేసుకోలేక కొప్పు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. వెనక హుక్కుల జాకెట్లు బీరువా అడుక్కి పోయాయి. బట్టలు ఆరేసే తీగని నేనే ఒక జానెడు కిందికి కట్టుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకుండా అన్నీ సర్దుకున్నాను మరి.

"నాన్నకి చార్టు ఉంది. నీదేది?" అంది పాప.

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నొప్పి దాచారని ఆయన్ని రెండు రోజులు సాధించినదాన్ని, నేను ఎనిమిది నెలలు దాచాను. ఆయన దాచింది పందెం పోతుందని. నేను దాచింది ఎందుకు? వంట ఆగుతుందనా? ఆగితే ఏమవుతుంది? ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

దసరాకి ధర్మవరం వెళ్లాం, అత్తగారింటికి. మామ నలభై ఏళ్లు గుంటమగ్గం మీద పట్టుచీరలు నేశారు. గుంటలోకి కాళ్లు దించుకుని, కింద చెక్కలు తొక్కుతూ, చేత్తో నాడె ఆడిస్తూ, పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా. ఇప్పుడు నడుం నిటారుగా నిలబడదు, మోకాళ్లు వంగవు. కొడుకు మెట్టు మీద మడమ దించుతుంటే కాసేపు చూసి, "ఏమప్పా, నొప్పి పెట్టిందని మూన్నెల్లు ఆపినావా? మేము మూన్నాళ్లు ఆపింటే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు" అన్నారు. ఎగతాళి లేదు ఆ మాటలో, ఆశ్చర్యం ఉంది. అత్తమ్మ పక్కనుంచి, "నాకు మాత్రం లేవా నొప్పులు? కండెలు చుట్టీ చుట్టీ ఈ బొటనవేలు చూడు పాపా" అని నా ముందు చెయ్యి పెట్టింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ వేలు వంకర పోయిందని నేను గమనించనే లేదు.

ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది ఇది. పందెంలో వస్తే దానికి ఇంజురీ అని పేరు, ఫిజియో, చార్టు. మగ్గం మీద వస్తే వయసు. వంటింట్లో వస్తే అసలు పేరే లేదు. ఒంటికి మాత్రం ఆ తేడా తెలియదు. మడమయినా, భుజమయినా, బొటనవేలయినా అరిగేది ఒకేలా అరుగుతుంది.

ఇందుకని మా ఆయన పందేలు మానెయ్యాలని నేను అనను. కడుపు నిండినవాళ్ల సరదా అని కొట్టిపారెయ్యను కూడా. నిజానికి ఆయన దెబ్బ వల్లే మా ఇంట్లో నొప్పిని నొప్పి అని పైకి చెప్పడం మొదలైంది. ఆటగాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది పరుగు కంటే ముందు ఇదే. వాళ్లకి సీజన్ ఉంటుంది, సీజన్ అయ్యాక విశ్రాంతి ఉంటుంది. నొప్పి వస్తే తేదీ వేసి రాసుకుంటారు, ఎన్నిసార్లు చేశారో లెక్క పెడతారు. మన పనికి సీజన్ లేదు, గీత దాటగానే మెడలో మెడల్ వేసేవాళ్లూ లేరు. కాబట్టి విశ్రాంతి తనంతట తాను రాదు. తేదీ మనమే వెయ్యాలి, చార్టు మనమే అంటించాలి.

హిందూపురం వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. నలభై నుంచి అరవై ఏళ్ల ఆడవాళ్లలో మామూలట. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ. నాకు థైరాయిడ్ ఉంది. మొదట నొప్పి, తర్వాత బిగుసుకోవడం, తర్వాత మెల్లగా వదలడం. అంతా అయ్యేసరికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చట. "ముందే వచ్చుంటే రాత్రిళ్లు ఇంత బాధపడేదానివి కాదమ్మా" అన్నారాయన. "అప్పుడే చెప్పాను గదా" అని మా ఆయన అనలేదు. అనడానికి నేను అసలు చెబితే గదా.

మెట్ల దగ్గర గోడ మీద ఇప్పుడు రెండు చార్టులు ఉన్నాయి. గోడ మీద వేళ్లతో పాకుతూ చెయ్యి పైకి తీసుకెళ్లడం నా వ్యాయామం. ఎంత ఎత్తు అందిందో పాప పెన్సిల్‌తో గీత పెడుతుంది. చిన్నప్పుడు దాని ఎత్తు కొలిచి నేను గీతలు పెట్టిన గోడే అది. ఆ పావుగంట పొయ్యి మీద ఏముంటే అది ఆయన చూసుకోవాలి. రెండుసార్లు పాలు పొంగించారు. పోనీలెండి.

ఈ ఏడాది క్యాలెండర్ మీద ఎర్ర సున్నాలు రెండే. మొన్న ఆదివారం ముగ్గురం పెనుకొండ కొండ ఎక్కాం, నడిచే. పైన నరసింహస్వామి గుడి దగ్గర కూర్చుని, పొట్లం కట్టుకెళ్లిన బొరుగుల ఉగ్గాణి తిన్నాం. దిగేటప్పుడు ఆయన కాళ్లు పరుగు కోసం లాగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. "మడమ ఎట్లుంది?" అని అడిగాను. ఒక్క క్షణం ఆగి, "కొంచెం పట్టినట్టుంది" అన్నారు. నెమ్మదిగా దిగాం.

కందిపప్పు డబ్బా ఇప్పుడు కుడిచేత్తోనే దించుతున్నాను. జాకెట్ హుక్కులు మాత్రం ఇంకా అందడం లేదు.