ఉడుత కరిచింది – ఇంజక్షన్లు వేయించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. గాలివానకు వేపచెట్టు మీదనుంచి పడిన ఉడుతపిల్లను తెచ్చి, అట్టపెట్టెలో పెట్టి, దూదితో పాలు పట్టి, రెండు నెలలుగా పెంచుతున్నాడు. నిన్న నేను వంటింట్లో ఉండగా అది వాడి వేలు కొరికిందట. కాస్త రక్తం వచ్చింది. పక్కింటావిడ "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు తప్పవు" అంటున్నది. మావారు ఉడుతను చంపి పారేయమంటున్నారు. పిల్లవాడు నిన్నటినుంచి అన్నం ముట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పత్తికొండ

జవాబు: అమ్మా, ముందు పిల్లవాడికి అన్నం పెట్టండి. ఉడుతను చంపనక్కరలేదని వాడికి చెప్పండి.

ఎలుక, ఉడుత, కుందేలు వంటి చిన్న ప్రాణుల వల్ల మనుషులకు రేబిస్ సోకడం దాదాపు లేదనే చెప్పాలి. అందుకే వీటి కాటుకు సాధారణంగా రేబిస్ టీకా అవసరం ఉండదు. రెండు నెలలుగా ఇంట్లోనే ఉండి, చక్కగా తింటూ, గెంతుతూ ఉన్న ఉడుత గురించి ఆ భయం పెట్టుకోవద్దు. ఏ ప్రాణి అయినా రెచ్చగొట్టకుండానే మీదపడి కరిచినా, జబ్బుగా తూలుతూ ఉన్నా మాత్రం డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

ఇక గాయం సంగతి. కుళాయి నీటి కింద పెట్టి, సబ్బుతో పావుగంట సేపు కడగండి. నిన్న కడగకపోతే ఇవాళైనా కడగండి. పసుపు, సున్నం, కారం, నశ్యం, కాఫీపొడి ఏదీ అద్దవద్దు. ధనుర్వాతం టీకా వేసి ఎన్నాళ్ళయిందో చూసి, అవసరమైతే వేయించండి. మూడు వారాల లోపల జ్వరం, కీళ్ళ నొప్పులు, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే "ఎలుక కాటు జ్వరం" కావచ్చు. దీనికి పెన్సిలిన్ బాగా పనిచేస్తుంది. కాని ఫలానా ప్రాణి కరిచిందని డాక్టరుకు చెప్పడం మరవకూడదు.

అయితే అమ్మా, ఒక్క ప్రశ్న. కరిచింది ఉడుతేనా? "కొరికిందట" అని రాశారు. మీరు చూడలేదన్నమాట.

ఇరవై ఏళ్ళకు పైబడిన మాట. నేను వేరే ఊళ్ళో పనిచేస్తున్నాను. ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి తండ్రి తీసుకువచ్చాడు. చేతిమీద రెండు గాట్లు. "ఏం కరిచిందిరా?" అన్నాను. "ఉడుత" అన్నాడు. ఓ.పి.లో జనం కిక్కిరిసి ఉన్నారు. నేను ఇంకో ప్రశ్న వేయలేదు. ధనుర్వాతం ఇంజక్షను ఇచ్చి పంపేశాను. రెండు నెలల తర్వాత వాణ్ణి మళ్ళీ తెచ్చారు. గ్లాసులో నీళ్ళు చూసి వణికిపోతున్నాడు. వీధిలో కుక్కపిల్లతో ఆడుతుంటే అది కరిచిందనీ, కుక్కల జోలికి పోతే తోలు తీస్తానన్న తండ్రికి భయపడి ఉడుత పేరు చెప్పాడనీ వాడి స్నేహితుడు అప్పుడు బయటపెట్టాడు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక చేయగలిగిన వైద్యం లేదు. పిల్లవాడు దక్కలేదు.

తప్పు వాడిది కాదు. అడగవలసిన మాట అడగనిది నేను. ఆనాటినుంచి కాటుతో వచ్చిన పిల్లల్ని, పెద్దవాళ్ళను కాసేపు బయట ఉండమని, ఒంటరిగా అడుగుతున్నాను. మీరూ అలాగే అడగండి. "ఏది కరిచినా కొట్టను, నీ ఉడుతను ఏమీ చేయను" అని మాట ఇచ్చి అడగండి. ఆ మాట నిలబెట్టుకోండి. ఉడుతను చంపేస్తే, రేపు నిజంగా కుక్క కరిచిననాడు వాడు మీకు చెప్పడు.

కుక్క, పిల్లి, కోతి, ముంగిస, నక్క – వీటిలో ఏది కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, గాయం కడిగి ఆరోజే ఆసుపత్రికి తీసుకురండి. పాలు తాగే కుక్కపిల్ల అయినా సరే. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు భుజం మీద చర్మంలోకి కొద్దిగా మందు ఎక్కిస్తారు. మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలోకి ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఇవ్వాలి. టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

మరో హెచ్చరిక. రాత్రి నేలమీద పడుకున్నప్పుడు ఏదో కరిస్తే "ఎలుకే అయి ఉంటుంది" అని మళ్ళీ పడుకోవద్దు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా, మింగడం కష్టమైనా క్షణం ఆలస్యం చేయకూడదు. కరిచినదేదో చూడకపోతే ఏ లక్షణమూ లేకపోయినా ఆసుపత్రికి రావడమే మంచిది.

ఇక ఉడుత. రాములవారు నిమిరిన చారలని మనం ముచ్చటగా చెప్పుకునే ఆ ప్రాణి చోటు చెట్టుమీదే. అది పెద్దదయింది, అందుకే కొరుకుతున్నది. పెట్టెకు తలుపు తీసి వేపకొమ్మకు కట్టండి. కొన్నాళ్ళు అక్కడే నాలుగు పల్లీలు పెట్టండి. అదే వెళ్ళిపోతుంది. ఇంకోసారి పిల్ల కిందపడితే ఇంట్లోకి తేవద్దు. బుట్టలో గుడ్డ పరిచి, పిల్లులు రాకుండా చెట్టు మొదట్లో ఉంచి, దూరంగా కూర్చోండి. తల్లి వచ్చి నోట కరచుకుపోతుంది. ఆవుపాలు వాటికి పడవు, విరేచనాలు పట్టుకుంటాయి.

చిలుకను, నక్షత్ర తాబేలును, ముంగిసను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లలకు ప్రాణులమీద ప్రేమ ఉంటే తెల్లవారుజామున చేలవైపు తీసుకుపోండి. మన పత్తికొండ, ఆలూరు ప్రాంతాల్లో జింకల మందలు కనిపిస్తాయి. పంట తింటున్నాయని రైతుకు కోపం, చూసే పిల్లవాడికి సంబరం. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్ళపాడు అభయారణ్యంలో ఆ పిట్ట దాదాపు కనుమరుగైనా జింకలు ఉన్నాయి. దూరంనుంచి చూడాలి, చేత్తో తినిపించకూడదు. ఈ ముచ్చటకు ఇంజక్షన్లతో పనిలేదు.

ప్రశ్న: మా అమ్మాయి హామ్‌స్టర్ గాని, గినీ పిగ్ గాని కొనిమ్మని మారాం చేస్తున్నది. పెంచితే జబ్బులు వస్తాయా?
– కడప పాఠకుడు

జవాబు: శుభ్రంగా ఉంచగలిగితే పెంచవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగాలి. ముద్దు పెట్టుకోకూడదు. బోను వంటింట్లో ఉంచకూడదు, వంటగిన్నెలు కడిగేచోట కడగకూడదు. లేకపోతే విరేచనాలు పట్టుకోవచ్చు. గినీ పిగ్ ఒంటినుంచి పిల్లలకు తామర అంటుకుంటుంది. ఉబ్బసం ఉన్న ఇంట్లో ఇవి వద్దు. ఇంట్లో గర్భవతి ఉంటే హామ్‌స్టర్ బోనును ఆమె శుభ్రం చేయకూడదు. వాటివల్ల సోకే ఒక వైరస్ కడుపులోని బిడ్డకు చేటు చేస్తుంది.

గినీ పిగ్ కూడా మనలాగే విటమిన్ సి ని ఒంట్లో తయారుచేసుకోలేదు. రోజూ పచ్చి కొత్తిమీర, జామముక్క పెట్టాలి. అన్నిటికన్నా మించి మన ఎండలు! 40 డిగ్రీల వేడిలో రేకుల కింద బోను పెడితే వడదెబ్బతో చచ్చిపోతుంది. నీడ, గాలి, చల్లని నీళ్ళు ఇవ్వలేనివారు కొనకపోవడమే దయ. రాలిన గింజలు సాయంత్రమే ఊడ్చేయండి. లేకపోతే వాటికోసం ఇంటి ఎలుకలు, ఆ ఎలుకల కోసం పాములు వస్తాయి.