అండలుస్ మీద ఫఖర్ సరే, మతలబ్ కూడా నేర్పండి

అమెరికాలో ఉన్న మన తెలుగు ముస్లిం ఖాందాన్లలో పిల్లలు స్కూల్లో రెండో జుబాన్‌గా స్పానిష్ తీసుకోవడం మామూలైపోయింది. మార్కులు రాగానే దాన్ని వదిలేయనివ్వకండి. అదాలత్‌లో, పోలీసు కాగితాల్లో వచ్చే అల్ఫాజ్ కొన్నయినా నేర్పించండి. అక్కడ మన దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు ఎంతోమంది స్పానిష్‌వాళ్లే. కష్టకాలంలో వాళ్ల బాధ అర్థం చేసుకోవడం హమ్‌సాయా హక్కులో భాగం కాదా?

పైగా ఆ అల్ఫాజ్ మనకు పరాయివి కావు. 711 నుంచి 1492 దాకా స్పెయిన్ నేల మీద ముస్లిం హుకూమత్ ఏదో ఒక మూల నడిచింది. ఆ జమానాలో అరబీ నుంచి వెళ్లిన మాటలు ఇప్పటికీ అక్కడ బతికే ఉన్నాయి. మన 'ఖాజీ' అక్కడ 'అల్కాల్దే' అయ్యాడు. 'వజీర్' 'అల్గ్వాసిల్' అయ్యాడు. వసీయత్ అమలు చేసే మనిషి 'అల్బసేయా'. మన 'ఫలానా' అక్కడ 'ఫులానో'. 1609 నుంచి 1614 మధ్య మొరిస్కోలను, అంటే బలవంతాన మతం మార్చిన ముసల్మానుల ఔలాద్‌ను, దేశం నుంచే వెళ్లగొట్టారు. ఈ మాటలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఇంతవరకు చెబితే వాట్సాప్‌లో వాహ్ వాహ్ అంటారు. నా ఫికర్ ఆ తర్వాతి సంగతి గురించి. తెలిసిన మాటలా వినిపించేదే ఎక్కువ ధోకా ఇస్తుంది. అల్కాల్దే ఈరోజు ఖాజీ కాదు, ఊరి మేయర్. జడ్జిని 'హ్వేస్' అంటారు. అల్గ్వాసిల్‌కు వజీరీ పోయింది, ఇప్పుడు అతను మన కోర్టు అమీనా లాంటివాడు. 'రెహన్' నుంచి వచ్చిన 'రెఎన్' అంటే తాకట్టు వస్తువు కాదు, బందీగా పట్టుకున్న మనిషి. ఇల్లు తాకట్టు పెట్టడానికి మాట 'ఇపొతేకా'.

ఇంగ్లీషు నమ్ముకున్నా అంతే. 'దెమాందా' అంటే డిమాండ్ అనుకుంటాం, కోర్టులో అది దావా. 'సెంతెన్సియా' అంటే శిక్ష అనుకుని గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది ఫైస్లా. బరీ చేస్తూ ఇచ్చిన తీర్పు కూడా సెంతెన్సియానే. జమానత్‌కు 'ఫియాన్సా', వకీలుకు 'అబొగాదో', గవాకు 'తెస్తీగో'. ఇవి బట్టీ పట్టదగ్గ మాటలు.

ఈ ధోకా మన ఇంట్లోనూ ఉంది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టు కాగితంలో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. ఒకే మాట, కానీ బోనులో ఎవరు నిలబడ్డారన్నది తలకిందులైంది. ఉర్దూ మాట్లాడే అమ్మీ, తెలుగు మీడియం చదివిన బేటా ఒకే కాగితాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోగలరు.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరె బఖరాలోని 282, నమాజ్ గురించి కాదు, అప్పు రాతకోతల గురించి. కాతిబ్ ఇన్సాఫ్‌గా రాయాలి, గవాలు ఉండాలి, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలి, అతనికి చేతకాకపోతే వలీ చెప్పాలి అంటుంది. మతలబ్ తెలియని కాగితం మీద దస్తఖత్ పెట్టే మనం ఈ ఆయత్‌ను తిలావత్ వరకే ఉంచుకున్నామా?

ఒక జాగ్రత్త. నాలుగు మాటలు వచ్చిన పిల్లల్ని కోర్టులో తర్జుమాకు నిలబెట్టకండి, అది తాలీమ్ పొందిన ఇంటర్‌ప్రెటర్ పని. పిల్లలకు కావలసింది, 'ఈ మాట నాకు అర్థం కాలేదు, చెప్పేదాకా సంతకం పెట్టను' అనే హిమ్మత్. అది స్పానిష్‌లో వచ్చినా, తెలుగులో వచ్చినా, ఉర్దూలో వచ్చినా మేలే. ఈ ఇత్వార్ దస్తర్‌ఖాన్ దగ్గర 'ముద్దాయి అంటే ఎవరు?' అని మీ పిల్లల్ని అడిగి చూడండి.