అక్వేరియం కింద ఏముందో ఈరోజే చూడండి

ఇంట్లో నాలుగడుగులో, అంతకు మించో పొడవున్న అక్వేరియం ఉన్నవాళ్లు ఇది చదవడం ఆపి ముందు దాని కింది క్యాబినెట్ తలుపులు తీసి, టార్చిలైటు వేసి చూడండి. అడుగు పలక అంచులు ఉబ్బాయా? మైకా బుడగలా లేచిందా? నిన్నటిదాకా సరిగ్గా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తోందా? తొట్టిలో నీళ్ల మట్టం ఒక చివర గాజు అంచుకు దగ్గరగా, ఇంకో చివర దూరంగా కనిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పిల్లల్నీ పెద్దవాళ్లనూ దాని దగ్గరికి రానివ్వకండి. ఆ గదికి కరెంటు ఆపి, నీళ్లు తోడడం మొదలుపెట్టండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ఇంత తొందరపెట్టడానికి కారణం బరువు. ఒక ఘనపు అడుగు నీళ్లు 28 కిలోలకు పైనే తూగుతాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టి నిండా పోస్తే నీళ్లే 340 కిలోలు. పది మిల్లీమీటర్ల గాజు బరువు, అడుగున పరిచిన గులకరాళ్లు కలిపితే మొత్తం 450 కిలోలు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అయితే నీళ్లు 680 కిలోలు, గాజు 120 కిలోలకు పైన, ఇసుకా రాళ్లూ ఇంకో 90. దగ్గర దగ్గర 900 కిలోలు. ఒక చిన్న కారును హాల్లో నడుమెత్తు చెక్క పెట్టె మీద నిలబెట్టినట్టు. అంత బరువు మోసేదాన్ని మనం టీవీ యూనిట్ చేయించినట్టు చేయిస్తున్నాం.

ఇది చాలా ఇళ్లలో నెమ్మదిగా జరిగే పని. మొదట రెండడుగుల తొట్టి, నాలుగు గోల్డ్ ఫిష్‌లు. తర్వాత ఎవరో అరోవానా తెస్తారు. అది రెండు మూడడుగులు పెరిగే చేప, తొట్టి చాలదు. ఆస్కార్లు కూడా అడుగు పొడవుకు ఎదుగుతాయి. తొట్టి మారుతుంది గానీ కింది బల్ల మారదు, లేదా ఇంట్లో పాత షోకేసునే కాస్త సర్ది కిందకి తోస్తారు. ఇంకొన్ని ఇళ్లలో ఇంటీరియర్ పనితో పాటే అక్వేరియం క్యాబినెట్ కూడా తయారవుతుంది, వంటింటి అరలు చేసిన పలకలతోనే, అదే పద్ధతిలోనే. దీనికి వడ్రంగిని తప్పు పట్టలేం. ఆయనకు కొలతలు చెప్పాం, మైకా రంగు చెప్పాం. బరువు చెప్పలేదు.

వంటింటి అర ఎలా తయారవుతుందో ఒకసారి గమనించండి. రెండు పక్క పలకలు నిలబెట్టి, పై పలకను వాటి మధ్యలో ఇరికించి, పక్కనుంచి స్క్రూలు బిగిస్తారు. పళ్లాలకూ డబ్బాలకూ అది చాలు. అదే పలక మీద 450 కిలోలు పెడితే ఆ బరువంతా స్క్రూల మీద వేలాడుతుంది. స్క్రూ పని చెక్కలను కలిపి పట్టుకోవడం. బరువు మోయడం దాని పని కాదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి. తొట్టి బరువు పై చట్రం మీద పడాలి, పై చట్రం నేరుగా కాళ్ల తలల మీద కూర్చోవాలి, కాళ్లు నేల మీద నిలబడాలి. మీ స్టాండులో స్క్రూలన్నీ పీకేశారని అనుకోండి. అప్పుడు కూడా బరువు కర్ర మీది నుంచి కర్ర మీదికి దిగి నేలను చేరుతుందా? చేరితే అది అక్వేరియం స్టాండు. పక్కకు జారి కిందపడుతుందనిపిస్తే దాని మీద ఒక్క బకెట్ నీళ్లు కూడా పోయకండి.

మధ్య కాలు గురించి గట్టిగా చెప్పాలి. తలుపులు రెండూ విశాలంగా తెరుచుకోవాలని, లోపల ఫిల్టరు డబ్బా హాయిగా పట్టాలని ముందువైపు మధ్య కాలు తీసేయమంటారు. అడుగుకు ఇంత అని ఒకే బరువు పడుతున్నప్పుడు, ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే పట్టె వంగడం రెట్టింపు కాదు, పదహారు రెట్లు అవుతుంది. నాలుగంగుళాలు బై రెండంగుళాల మంచి పట్టెను నిలువుగా పెట్టి, ఆరడుగుల తొట్టి కింద ప్రతి మూడడుగులకూ ఒక కాలు ఇస్తే ఆ పట్టె వంపు అర మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది. మధ్య కాలు తీసేస్తే అది ఎనిమిది మిల్లీమీటర్లు దాటుతుంది. కర్ర ఆ వంపును ఓర్చుకుంటుంది, గాజు ఓర్చుకోదు. పట్టెను ఎలా పెట్టారన్నదీ ముఖ్యమే. ఆ నాలుగు బై రెండు కర్రనే పడుకోబెట్టి బిగిస్తే దాని గట్టిదనం నాలుగో వంతుకు పడిపోతుంది. కొన్న కర్ర అదే, పెట్టిన డబ్బూ అంతే.

పై నుంచి బరువు మోయడం ఒక ఎత్తు, పక్కకు ఊగకుండా నిలవడం ఇంకో ఎత్తు. నాలుగు కాళ్లూ ఎంత లావుగా ఉన్నా, వెనక పలక లేకపోతే చట్రం ఒక పక్కకు ఒరిగిపోగలదు. పిల్లవాడు తలుపు పట్టుకుని వేలాడినా, ఎవరో సోఫా జరుపుతూ తగిలించినా చాలు. వెనకవైపు పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పూర్తిగా జిగురు పెట్టి బిగించాలి, లేదా మూల నుంచి మూలకు ఏటవాలు పట్టీలు కొట్టాలి. పైపులకు కావలసినన్ని చిన్న రంధ్రాలు చేసుకోండి. వెనకంతా కిటికీలా కోసేయకండి. ఖాళీ స్టాండు పై అంచును రెండు చేతులా పట్టి పక్కకు తోసి చూడండి. ఊగితే నీళ్లకు అది పనికిరాదు. ఇంకో మాట: పొడవులోనూ వెడల్పులోనూ స్టాండు తొట్టి కన్నా అంగుళం కూడా చిన్నది కాకూడదు.

ఇక చెక్క సంగతి. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకలు పొడిగా ఉన్నంతకాలం చక్కగానే కనిపిస్తాయి. తడి తగిలితే ఉబ్బుతాయి, ఉబ్బినచోట స్క్రూకి పట్టు ఉండదు, ఆరినా మళ్లీ పాత గట్టిదనం రాదు. పెద్ద అక్వేరియం కింద ఈ రెండూ వాడకూడదనే మా అభిప్రాయం, పైన ఎంత ఖరీదైన మైకా వేసినా సరే. మైకా పైముఖాన్నే కాపాడుతుంది. లోపలి కోత అంచులు, పైపు కోసం చేసిన రంధ్రాలు నగ్నంగానే ఉంటాయి, నీళ్లు చేరేదీ అక్కడికే. ఫిల్టరు శుభ్రం చేసిన ప్రతిసారీ, నీళ్లు మార్చిన ప్రతిసారీ నాలుగు చుక్కలు క్యాబినెట్‌లోకి కారతాయి. మనవైపు ఇంకో తడి ఉంది. రోజూ ఇల్లు తుడిచే తడిగుడ్డ. నేలను తాకి ఉన్న పలక అడుగు రోజూ ఆ నీళ్లు పీలుస్తుంది. కాబట్టి కాళ్ల కింద గ్రానైట్ ముక్కలు పెట్టి, చెక్కను నేలకు కొంచెం ఎత్తులో ఉంచండి.

చట్రానికి టేకు, నల్లమద్ది లాంటి చేవగల కర్ర, బాగా ఆరినది, ముడులు లేనిది తీసుకోండి. పచ్చికర్ర ఆరేకొద్దీ మెలితిరుగుతుంది, దానితో పాటు తొట్టి అడుగు కూడా మెలిపడుతుంది. చేవలేని తెల్లకర్రకు చెదలు ముందు పడతాయి. మన ఊళ్లలో ఇది మరచిపోయే విషయం కాదు. పలకలకు ప్లైవుడ్ కొనేటప్పుడు దుకాణంలో ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాట విని ఊరుకోకండి. పలక మీద ఐఎస్‌ఐ గుర్తు, ప్రమాణం నంబరు చూడండి. ఐఎస్ 710 మెరైన్ రకం. ఐఎస్ 303లో రెండు తరగతులున్నాయి: బీడబ్ల్యూఆర్ తడిని బాగా తట్టుకుంటుంది, ఎంఆర్ అంటే మనం కమర్షియల్ అనేది, తేమను మాత్రమే ఓర్చుకుంటుంది. జిగురు కూడా నీటిని తట్టుకునే రకమే వాడమనండి. అంతా అయ్యాక లోపలా బయటా, కోత అంచులతో సహా, వార్నిషో పెయింటో రెండు మూడు పూతలు వేయించండి. కర్ర దొరకకపోతే ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, తుప్పు పట్టకుండా రంగు వేయించి, పైన చెక్క తొడిగించుకున్నా తప్పులేదు. సముద్రపు చేపలు పెంచేవాళ్లు మామూలు ఇనుప స్క్రూలు వద్దనుకోవాలి; ఉప్పు వాటిని తినేస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడాలి.

“మాది రెండేళ్లుగా ఉంది, ఏమీ కాలేదు” అనే మాట తరచు వినిపిస్తుంది. రెండేళ్లు నిలబడటం భద్రతకు రుజువు కాదు. కర్రైనా పలకైనా ఎడతెగని బరువు కింద రోజురోజుకూ కంటికి తెలియనంత వంగుతూనే ఉంటుంది. పార్టికల్ బోర్డులో ఇది మరీ ఎక్కువ. తడి తోడైతే ఇంకా వేగం. మొదటి రోజు సమంగా ఉన్నది ఏడాది తర్వాత సమంగా ఉండాలని లేదు. వంపు పెరిగేకొద్దీ అడుగు గాజులో, సిలికాన్ అతుకుల్లో ఒత్తిడి పోగవుతుంది. చివరికి పగిలేది గాజే అయినా, తప్పు మొదలైంది కిందనే. ఆ గాజు కూడా చాలా తొట్లలో మామూలు గాజే. కారు కిటికీ అద్దంలా చిన్న ముక్కలు కాదు, కత్తుల్లాంటి పెద్ద పెంకులవుతుంది. అందుకే నెలకోసారి రసమట్టం పెట్టి చూడండి. రసమట్టం లేకపోతే నీళ్ల మట్టమే చెబుతుంది: రెండు చివరలా గాజు పై అంచు నుంచి నీటికి ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

తొట్టి అడుగున థర్మకోల్ వేయడం మన దగ్గర మామూలే. అడుగు గాజు నేరుగా పలక మీద కూర్చునే తొట్లకు అది అవసరం. చిన్న ఇసుక రేణువు కూడా ఒకచోట గుచ్చుకోకుండా ఆపుతుంది. కానీ చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి, దాని అంచుల మీదే నిలబడే తొట్లకు వేయకూడదు. వేస్తే అది అడుగు గాజును మధ్యలో పైకి నెడుతుంది. ఏదైనా సరే, థర్మకోల్ వంకర స్టాండును సరిచేయదు. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టడం కూడా సరిచేయడం కాదు.

స్టాండు బాగున్నా నేల సంగతి ఆలోచించాలి. ఐఎస్ 875 ప్రమాణం రెండో భాగం (1987) నివాస గదులకు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోల బరువు లెక్కగట్టమంటుంది. పైన చెప్పిన ఆరడుగుల తొట్టి తను నిలబడ్డచోట దానికి నాలుగు రెట్లు వేస్తుంది. అంతమాత్రాన శ్లాబు కూలుతుందని కాదు, చుట్టుపక్కల శ్లాబు ఆ భారాన్ని కొంత పంచుకుంటుంది. కానీ గది నడిమధ్య పెట్టడానికీ, కింద బీము ఉన్న గోడ పక్కన, స్తంభానికి దగ్గరగా పెట్టడానికీ చాలా తేడా ఉంది. పై అంతస్తుల్లో ఆరడుగుల తొట్టి పెట్టేముందు స్ట్రక్చరల్ ఇంజనీరును అడగండి. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీల్లో వద్దు. దూలాల మీద నాపరాళ్లు పరిచిన పాత మిద్దెల మీద అసలే వద్దు. అద్దె ఇళ్లవాళ్లు యజమానికి చెప్పి పెట్టండి. కింది ఇంటివాళ్ల తల మీద ఏముందో వాళ్లకూ తెలియాలి.

క్యాబినెట్ లోపల కరెంటు ఎక్స్‌టెన్షన్ బోర్డును అడుగున పడేస్తుంటారు. దాన్ని పక్క పలకకు ఎత్తుగా బిగించండి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి ఒకసారి వంగి పైకెళ్లాలి, అప్పుడు దాని మీద కారిన నీళ్లు ప్లగ్గులోకి పోకుండా కిందికే చుక్కలుగా పడతాయి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. గాలి పంపు నీటిమట్టం కన్నా కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం ద్వారా వెనక్కి వచ్చి పంపులోకి, క్యాబినెట్‌లోకి చేరతాయి. గొట్టానికి నాన్‌రిటర్న్ వాల్వు పెట్టండి.

స్టాండు అనుమానంగా ఉన్నవాళ్లు ఏం చేయాలి? మొదట అక్వేరియం ఉన్న గదికి కరెంటు ఆపండి, నేల తడిగా ఉంటే స్విచ్చుబోర్డు దగ్గరికి తడి కాళ్లతో వెళ్లకండి. తొట్టిని జరపొద్దు, ఎత్తొద్దు, కింద ఇటుకలు దోపొద్దు. గొట్టం వేసి నీళ్లు బాత్రూములోకి వదలండి. తొట్టి నీళ్లతోనే బకెట్లు నింపి చేపల్ని అందులోకి మార్చి, గాలి పంపును వేరే గదిలో, ఆరిన నేల మీద, బకెట్ల కన్నా ఎత్తులో పెట్టి ప్లగ్గు పెట్టండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగకండి, తొట్టి నీళ్లలోనే తడిగా ఉంచండి. అందులోని మేలుచేసే సూక్ష్మజీవులు బతికుంటే కొత్త స్టాండు మీద చేపలు తొందరగా కుదుటపడతాయి. రాళ్లూ ఇసుకా కూడా తీశాకే తొట్టిని కదపండి, అదీ నలుగురు మనుషులతో. కొత్త స్టాండు మీద ఒక్కసారిగా నింపొద్దు. పావు వంతు పోసి రసమట్టం చూసి, మళ్లీ పావు వంతు. నిండాక చేపలు వేయకుండా రెండు మూడు రోజులు ఉంచి, తలుపులూ అతుకులూ పరిశీలించండి.

అక్వేరియం దుకాణాలవాళ్లకు ఒక విన్నపం. తొట్టి అమ్మినప్పుడు బిల్లు మీద దాని కొలతలతో పాటు, నీళ్లూ రాళ్లూ నిండాక మొత్తం ఎన్ని కిలోలవుతుందో రాసివ్వండి. అడుగున థర్మకోల్ వేయాలో వద్దో అదే కాగితం మీద చెప్పండి. మీకది ఒక నిమిషం పని. కొనేవాళ్లు ఆ అంకె అడిగి తీసుకోండి, తీసుకెళ్లి వడ్రంగి చేతిలో పెట్టండి. ఆయన స్టాండు పూర్తి చేసి, మీరు తోసి చూసి, ఊగలేదని తేల్చుకునేదాకా తొట్టిని ఇంట్లోకి తేవద్దు.