గుంట గట్టుకూ ఒక చట్టముంది

ఏళాయిరంపన్నై పేరు చెప్పగానే బాణసంచా, అగ్గిపెట్టెలు గుర్తుకు వస్తాయి. కోవిల్‌పట్టి, సాత్తూరు పరిసరాలలోని ఈ నల్లరేగడి సీమలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేకం. మందుగుండు కార్ఖానాలో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఇక్కడ భద్రతా నియమాల ప్రస్తావన వస్తుంది. అయితే అదే విరుదునగర్ జిల్లాలో రాతి క్వారీలున్నాయి, ఆలంగుళం, పందల్‌కుడి వంటి చోట్ల సున్నపురాతి గనులున్నాయి. తవ్విన గుంట గట్టు ఎంత వాలుగా ఉండాలో, వాననీరు ఏ దారిన పోవాలో నిర్దేశించే నియమాలు కూడా ఉన్నాయని మన ఇళ్లలో తెలిసినవారు అరుదు. భాషోద్యమ పత్రికకు గనుల గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చు. ప్రజలకు తెలియని నియమం లేనిదానితో సమానం. అది వారి భాషలో వారికి చేరకపోవడం మన ఉద్యమానికి సంబంధించిన విషయమేనని నేను భావిస్తున్నాను.

నల్లరేగడి స్వభావం మన రైతులకు చెప్పనక్కరలేదు. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. గుంట అంచున ఆ మన్ను నిలువుగా నిలిచినప్పుడు, నెర్రెలలోకి దిగిన నీరు దాని బరువు పెంచి, పట్టు తగ్గించి, గట్టును వెనుకనుండి ముందుకు నెడుతుంది. అడుగున ఉన్న రాయి గట్టిదే అయినా, దాని పగుళ్లు గుంటవైపు వాలి ఉంటే నీరు చేరిన చోట బండ జారుతుంది. కావున గట్టు వాలును, నీటి దారిని విడదీసి చూడరాదు.

1961నాటి లోహఖనిజ గనుల నిబంధనలు పేరుకు లోహాలవైనా రాతి క్వారీలకూ వర్తిస్తాయి. మన్ను, మొరం, గులకరాతి నేలలో గుంట పక్కలు 45 డిగ్రీలకు మించిన వాలుతో ఉండరాదని, లేదా మెట్లుగా తవ్వాలని 106వ నిబంధన చెబుతుంది. మెట్టు ఎత్తు 1.5 మీటర్లు మించరాదు, వెడల్పు ఎత్తుకు తగ్గరాదు. గట్టి నేలలో సైతం మెట్లు తీర్చి, మెట్టు ఎత్తును 6 మీటర్ల లోపల ఉంచాలి. యంత్రాలతో తవ్వేచోట అధికారుల ప్రత్యేక అనుమతితో ఈ కొలతలు మారవచ్చు. గని సరిహద్దుకు 7.5 మీటర్ల లోపల తవ్వరాదు. సున్నపురాయి వంటి ప్రధాన ఖనిజాల విషయంలో 2017నాటి ఖనిజ సంరక్షణ నియమాలు మరికొన్ని బాధ్యతలు విధించాయి. పైమట్టిని వేరుగా దాచి తిరిగి వాడాలి. మట్టిదిబ్బలను మెట్లుగా తీర్చి, చెట్లు పెంచి, వరదకు కొట్టుకుపోకుండా కాపాడాలి. వీలైనంతవరకు గుంటను పూడ్చి నేలను పూర్వపు వాడుకకు తేవాలి.

ఇవన్నీ కాగితంమీద ఉండగానే, 2022 మే 14 రాత్రి తిరునెల్వేలి జిల్లా అడైమిదిప్పాన్‌కుళం క్వారీలో బండలు విరిగిపడి నలుగురు మరణించారు. 2025 మే 20న శివగంగ జిల్లా మల్లాకోట్టై క్వారీలో మళ్ళీ కార్మికులు బలయ్యారు. ఇక వాన సంగతి. 2023 డిసెంబరులో తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టణంలో ఒక్క దినంలోనే సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసింది. అటువంటి వానకు ఏ గుంట గట్టు నిలుస్తుందో ఊరివారు ముందే అడిగి తెలుసుకోవాలి.

అడిగినా వినకపోతే ఏమవుతుందో 1966 అక్టోబరు 21న వేల్స్ దేశంలోని ఆబెర్‌ఫాన్ చూపింది. ఊట నేలపై పోసిన బొగ్గుగని దిబ్బ జారి బడిమీద పడి 116 మంది పిల్లలతో సహా 144 మంది మరణించారు. ఆ దిబ్బలవలన ప్రమాదముందని స్థానికులు అంతకుముందే ఉత్తరాలు వ్రాశారు. దిబ్బల భద్రతకై బ్రిటన్‌లో ప్రత్యేక చట్టం 1969లో గాని రాలేదు. మన సరిహద్దు జిల్లా బళ్లారిలో 2011లో సుప్రీంకోర్టు ఇనుపఖనిజం తవ్వకాన్ని నిలిపివేసి, పాడైన నేలను బాగుచేసే ప్రణాళికలు అమలు చేస్తేనే గనులు మళ్ళీ తెరవాలని షరతు పెట్టింది. ఆదేశం గట్టిగా ఉంటే నియమం కదులుతుందనడానికి అది నిదర్శనం.

మనకున్న హక్కులు స్వల్పమైనవి కావు. కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనా అధికారికి విన్నపం ఇచ్చే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. ఒక జిల్లాలో గాని, అంతకన్న చిన్న ప్రాంతంలో గాని 15 నుండి 20 శాతం ఉన్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన ప్రకటనలను, నియమాలను ప్రచురించడం మేలని 1956నాటి కేంద్రప్రభుత్వ పత్రం సూచించింది. 2020లో పర్యావరణ ముసాయిదా ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. కేంద్రం దానిని ఎదిరించి సుప్రీంకోర్టుకు వెళ్లింది. భాష హక్కు అడిగితే గాని రాదని దీనివలన తెలుస్తున్నది.

తమిళంపై మనకు ద్వేషం లేదు. తమిళ ప్రకటన పక్కన తెలుగు ప్రకటన ఉండాలన్నదే మన కోరిక. ఇంట తెలుగు మాట్లాడే మన పిల్లలలో చాలామంది తెలుగు లిపి చదువలేరు. కావున అచ్చు ప్రకటనతోపాటు గ్రామసభలోను, ప్రజాభిప్రాయ సభలోను తెలుగులో చదివి వినిపించాలని కూడా కోరవలసియున్నది.

ఈశాన్య ఋతుపవనాలకు ముందే ప్రతి ఊరినుండి కలెక్టరుకు ఒక విన్నపం వెళ్లాలని కోరుతున్నాను. మా ఊరి గుంట లోతెంత? మెట్టు ఎత్తెంత? గుంట చుట్టూ వాననీటి కాలువ ఉన్నదా? ఆ నీరు ఏ చెరువులోనికి పోతున్నది? తవ్వకం ముగిసిన తరువాత నేలను బాగుచేసే బాధ్యత ఎవరిది? ఈ ఐదు ప్రశ్నలు చాలు. హోసూరు, కృష్ణగిరి క్వారీల పక్కనున్నవారికీ ఇవే ప్రశ్నలు పనికివస్తాయి. తెలుగులో అడగండి, రసీదు తీసుకోండి, వచ్చిన జవాబును గ్రామసభలో అందరికీ వినిపించండి.