ఆవేదనతో పంపినా నేరమే

“ఈ ఘోరం చూడండి, నలుగురికీ తెలియజేయండి” అన్న మాటతో ఒక పసిబిడ్డపై జరిగిన అత్యాచారపు వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పంపినవారిలో చాలామంది దుర్మార్గులు కారు. మనసు కలచివేసి పంపినవారే. ఆ ఆవేదనను చట్టం ఏ దృష్టితో చూస్తుందన్నదానికి దేశానికొక జవాబు ఉంది.

జపాన్ 1999లో ఇటువంటి చిత్రాల తయారీని, పంపిణీని నేరంగా ప్రకటించింది. దగ్గర ఉంచుకోవడాన్ని నేరం చేయడానికి మాత్రం 2014 దాకా ఆగింది. అప్పుడు కూడా ఉన్నవి పారవేసుకోవడానికి ఏడాది గడువిచ్చింది. బ్రిటన్ ఆ పని 1988లోనే చేసింది. ఆ చిత్రాల్లోని పిల్లలకు ఈ వ్యత్యాసం ఏమని వివరించగలం?

జర్మనీ అనుభవం మనకు మరింత దగ్గరిది. 2021లో అక్కడ ఈ చిత్రాలను కలిగి ఉన్నా, పంచినా కనీసం ఏడాది జైలు తప్పదన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే పిల్లల ఫోనులో అటువంటి చిత్రం కనబడగా, తోటి తల్లిదండ్రులను హెచ్చరించడానికి దాన్ని పంపినవారు, ఉపాధ్యాయులు సైతం అదే సెక్షన్ కింద చిక్కారు. సదుద్దేశమని తెలిసినా కేసును విరమించే వెసులుబాటు ప్రాసిక్యూటర్లకు లేకపోయింది. చివరకు 2024లో కనీస శిక్షను తగ్గించారు; గరిష్ఠ శిక్షను ముట్టుకోలేదు.

మన దేశంలో ఐటీ చట్టం 67బి సెక్షన్ ప్రకారం వెదకడం, డౌన్‌లోడ్ చేయడం, పంచడం అన్నీ నేరాలే. తొలిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల రూపాయల దాకా జరిమానా. హెచ్చరించడానికి పంపానన్న వాదనకు ఆ సెక్షన్‌లో ప్రత్యేక మినహాయింపు లేదు. ఫోనులో చూసుకున్నంత మాత్రాన నేరం కాదని మద్రాసు హైకోర్టు 2024 జనవరిలో ఇచ్చిన తీర్పును అదే ఏడాది సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు కొట్టివేసింది. వీటిని ‘పిల్లల అశ్లీల చిత్రాలు’ అనరాదని, అవి అత్యాచారానికి సాక్ష్యాలని గుర్తించే పదమే వాడాలని సూచించింది. ఆ పేరు మార్పు చిన్నదిగా మాకు తోచలేదు. అశ్లీలమంటే చూసేవాడి గోల. అత్యాచారమంటే బిడ్డ గోడు.

ఉపాధి కోసం దుబాయి వెళ్లిన మన యువకులకూ ఇది వర్తిస్తుంది. ఊరి గ్రూపు నుంచి వచ్చిన వీడియో ఫోనులో మిగిలి ఉంటే అక్కడి సైబర్ చట్టం కింద జైలుకు వెళ్లే ప్రమాదముంది.

కనుక ఇటువంటిది అందినప్పుడు మరొకరికి పంపవద్దు, పెద్దలకు చూపడానికని దాచవద్దు. వెంటనే పోలీసులకు గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ తెలియజేయండి. ఆ పోర్టల్‌లో ఇటువంటి ఫిర్యాదుకు మీ పేరు చెప్పనవసరం లేదు.