నాబోతు తోటకు వెల ఎంత?

2024 అక్టోబరు, నవంబరు నెలల్లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల పేరు పత్రికల్లో తరచుగా కనిపించింది. అక్కడి రిజర్వు అడవిలో సుమారు 468 హెక్టార్ల పరిధిలో యురేనియం ఉందో లేదో చూడడానికి 68 బోర్లు వేయాలని కేంద్ర అణు ఖనిజాల అన్వేషణ సంస్థ తలపెట్టింది. చుట్టుపక్కల పల్లెల వారు రోడ్డెక్కారు. కడప జిల్లా తుమ్మలపల్లె గని దగ్గరి రైతులు తమ బోరు నీళ్లు చెడిపోయాయని ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదులు వారు విన్నవే. చివరికి నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ పని ఆపుతున్నట్టు ప్రకటించింది.

గొడవ సద్దుమణిగింది కానీ దాని అడుగున ఉన్న ప్రశ్న అలాగే ఉంది. మాధవరం మొదలుకొని ఆదోని, ఎమ్మిగనూరు వరకు ఉన్న మన సంఘాలన్నీ నేడు కాకపోతే రేపు దాన్ని ఎదుర్కోవలసిందే. అడవికి, గుట్టకు, వాగుకు ప్రభుత్వం వెల ఎలా కడుతుంది? అలా కట్టడం ధర్మమేనా?

మన దేశంలో ఈ లెక్క ఇప్పటికే నడుస్తోంది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఒక నియమం పెట్టింది. అటవీ భూమిని గనికో, డ్యాముకో, రోడ్డుకో తీసుకునేవారు ఆ అడవి ఇచ్చే మేలుకు కూడా డబ్బు కట్టాలి. దీనికి నికర ప్రస్తుత విలువ అని పేరు. కలప, కట్టె, మేతతో పాటు నీటిని ఇంకించడం, మట్టిని పట్టి ఉంచడం, గాలిని శుభ్రం చేయడం వంటి మేళ్లు రాబోయే సంవత్సరాల్లో ఎంత విలువ చేస్తాయో అంచనా కట్టి, దాన్ని నేటి రూపాయల్లోకి మారుస్తారు. ఆర్థికవేత్త కాంచన్ చోప్రా నాయకత్వంలోని నిపుణుల కమిటీ పద్ధతిని పరిశీలించింది. ఆ తరువాత 2008లో కోర్టు హెక్టారుకు 4.38 లక్షల నుండి 10.43 లక్షల రూపాయల వరకు రేట్లు ఖరారు చేసింది. 2022లో కేంద్రం వాటిని దాదాపు ఒకటిన్నర రెట్లు చేసింది.

దేవుని సృష్టికి రూపాయల్లో వెలా అని కొందరు విశ్వాసులు నొచ్చుకుంటారు. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. అయితే వెల కట్టని వస్తువును ప్రభుత్వ కాగితం అమూల్యం అని రాసుకోదు, సున్నా అని రాసుకుంటుంది. మన కళ్ల ముందున్న తుంగభద్రనే చూడండి. 1953లో నీళ్లు నిలిపినప్పుడు ఆ డ్యాం సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. పూడిక చేరి ఇప్పుడు దాదాపు 105 టీఎంసీలకు తగ్గింది. మన పొలాలకు, ఊరి తాగునీటి చెరువులకు నీళ్లిచ్చే ఎల్లెల్సీకి ఆంధ్రప్రదేశ్ వాటాగా కేటాయించింది 24 టీఎంసీలు. అంటే మన కాలువ మొత్తం వాటా కంటే ఎక్కువ చోటును మట్టే ఆక్రమించింది. ఎగువన చెట్టూ గడ్డీ ఉన్నంతకాలం ఆ మట్టిని పట్టి ఉంచాయి. చెట్లు నరికినప్పుడు, గనులు తవ్వినప్పుడు ఆ మేలును ఎవరూ లెక్కలో రాయలేదు. కాలువ చివరి రైతు ఇప్పుడు ఆ బాకీ తీరుస్తున్నాడు.

లెక్క సరిగా వేస్తే మేలు జరిగిన చోట్లూ ఉన్నాయి. న్యూయార్క్ నగరం తన తాగునీటిని వడకట్టే పెద్ద కర్మాగారం కట్టడానికి ఎన్నో వందల కోట్ల డాలర్లు అవుతాయని తెలుసుకుంది. నీళ్లు వచ్చే క్యాట్‌స్కిల్ కొండల అడవిని, పొలాలను కాపాడడమే చవక అని తేల్చుకుని 1997లో అక్కడి ఊళ్లతో ఒప్పందం చేసుకుంది.

వాక్యం కూడా లెక్కను తప్పుపట్టదు. పొలం అమ్మితే సునాద సంవత్సరం వరకు ఎన్ని పంటలు మిగిలాయో చూసి ధర నిర్ణయించాలని లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. మ్రొక్కుబడి చేసిన పొలానికి విత్తనాల కొలత ప్రకారం యాజకుడు వెల కట్టే విధానం 27వ అధ్యాయంలో ఉంది. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా అని ప్రభువే అడిగాడు. కాబట్టి ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది, ఎవరిని వదిలేస్తోంది అని మనం చూడాలి. మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది, ఎండు నేల అడవికి తక్కువ ధర. 2008 రేట్లలో అన్నిటికంటే అడుగున ఉన్నది పలుచని ముళ్ల అడవి. మన పశ్చిమ కర్నూలు వంటి వాన తక్కువ ప్రాంతాల్లో పెరిగేది అలాంటి అడవే. దట్టమైన అడవి ఎక్కువ మేలు చేస్తుందన్న మాట నిజమే. కానీ వాన తక్కువ చోట ఆ కొంచెం పచ్చదనం మీదే మేకల మంద, బోరులో ఊట ఆధారపడి ఉంటాయి. ఉన్న ఒక్కటీ పోతే ఏమవుతుందో హెక్టారు రేటు చెప్పదు.

రెండవది, పేదవాని మాటకు తక్కువ తూకం. ఈ చెరువును కాపాడితే మీరు ఏడాదికి ఎంత ఇస్తారని జనాన్ని అడిగి వెల కట్టే పద్ధతి ఒకటి ఉంది. పట్నంలో ఉద్యోగి వెయ్యి రూపాయలు అంటాడు. కొసిగి నుండి సుగ్గికి పోయే కూలి తల్లి పది రూపాయలు అంటుంది. లెక్క ప్రకారం చెరువు ఆ ఉద్యోగికే ఎక్కువ విలువైనది. కానుకపెట్టె ఎదుట కూర్చున్న ప్రభువు అలా లెక్కించలేదు. బీద విధవరాలి రెండు కాసులే అందరి కానుకల కంటే ఎక్కువ అన్నాడు.

మూడవది, పిల్లల భాగం కోత. రేపటి మేలును నేటి రూపాయల్లోకి మార్చేటప్పుడు ఏటా కొంత శాతం తగ్గిస్తారు. 5 శాతం చొప్పున తగ్గిస్తే 20 ఏళ్ల తరువాత వచ్చే 100 రూపాయల మేలు నేడు సుమారు 38 రూపాయలు. 50 ఏళ్ల తరువాతదైతే 9 రూపాయలు కూడా కాదు. డబ్బు విషయంలో ఇది వాడుకే. అయితే తరతరాల వారితోనూ, సమస్త జీవరాశులతోనూ నిబంధన చేసిన దేవుణ్ణి ఆరాధించే మనం, మన మనుమల నీటికి ఇంత కోత పెట్టడానికి మనకు హక్కు ఎవరిచ్చారని అడగాలి.

ఇప్పుడు 1 రాజులు 21వ అధ్యాయం తెరవండి. అహాబు మొదట దౌర్జన్యం చేయలేదు. నాబోతు తోటకు బదులు అంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెండి ఇస్తానన్నాడు. నేటి భాషలో ప్రత్యామ్నాయ వనీకరణ, నష్టపరిహారం. నాబోతు ధర చాలదని అనలేదు. అది పితరుల స్వాస్థ్యం, ఇవ్వడం తగదన్నాడు. అతని కాదు అన్న మాటకు చోటు లేకపోయిన దగ్గర పాపం మొదలైంది. ఆ తరువాత ఉత్తరాలు, రాజముద్ర, సాక్షులు అన్నీ పద్ధతి ప్రకారమే నడిచాయి, నాబోతు మాత్రం రాళ్ల కింద చచ్చాడు. మన దగ్గర అడవికి కట్టిన డబ్బు కూడా అక్కడ మేకలు మేపుకున్నవాని చేతికి నేరుగా రాదు. 2016 చట్టం ప్రకారం ఏర్పడిన నిధికి చేరుతుంది. అందులో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి. మొక్కలు వేరే జిల్లాలో నాటవచ్చు.

పరిశ్రమ అంటేనే పాపం అని నేను అనడం లేదు. కరెంటు కావాలి, పని కావాలి. మన పిల్లలు బడి మాని గుంటూరు మిరప చేలకు తరలిపోవడం ఆగాలి. అందుకే లెక్క కావాలి, పూర్తి లెక్క కావాలి. ఆ లెక్క నిర్ణయానికి సాయపడాలి గాని ఊరివాళ్ల నోరు మూయించకూడదు.

సంఘాలు చేయగలిగింది ఉంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చాలా రకాల పెద్ద గనులు, పరిశ్రమలకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశం తెచ్చి ఆదివారం ఆరాధన తరువాత చదివి వినిపించండి. చదువుకున్న యౌవనస్థులు పల్లె లెక్క రాయాలి. గుట్ట మీద ఎన్ని మేకలు మేస్తున్నాయి, సీతాఫలాలు, కట్టెలు ఎన్ని ఇళ్లకు ఆధారం, వేసవిలో ఏ బోర్లు ఎండుతున్నాయి, ఏవి నిలుస్తున్నాయి అన్నవన్నీ తేదీతో సహా రాయండి. ఆ కాగితం అధికారి ముందు పెట్టండి. వాట్సాప్ పుకార్లు వద్దు, పార్టీ జెండాలు వద్దు. గొర్రెల కాపరి, కూలి తల్లి మాట్లాడేలా ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఏలీయా వచ్చేసరికి నాబోతు చనిపోయాడు, తోట రాజుకు చిక్కింది. మన దగ్గర గుట్ట ఇంకా నిలిచే ఉంది, అడగడానికి ఇంకా సమయం ఉంది. యెజ్రెయేలు పెద్దలు ఉత్తరం అందగానే తల వంచారు. మన సంఘ పెద్దలు అలా చేయకుందురు గాక.